మా అమ్మాయికి కాదని తమరే చెప్పాలి

మకాం: అల్ ఖుసైస్ బస్సు యార్డు, దుబాయ్
తేదీ: 12-11-2024, మంగళవారం

గౌరవనీయులైన శ్రీ కౌశిక్ గారి సముఖమునకు,
మండలాల పునర్విభజన మరియు క్రీడాకారుల బదిలీల అధికారి,
గల్ఫ్ కళాశాలల క్రీడా సమాఖ్య.

అయ్యా,

విషయం: టీవీ ఒప్పందం మీదట కళాశాలల మండలాలు మార్చుట వలన కలిగిన ఇబ్బందులు, మరియు కుమారి సుహానా (వాలీబాల్, రెండవ సంవత్సరం) పెట్టుకున్న బదిలీ దరఖాస్తును నిరాకరించుట గురించి.

రాయచోటి వాస్తవ్యుడు, కీర్తిశేషులు ఇమాం సాహెబు కుమారుడు, వయసు 47 సంవత్సరములు, ప్రస్తుతం అల్ ఖుసైస్‌లోని కళాశాలలో బస్సు డ్రైవరుగా పనిచేయుచున్న అల్లాబకాష్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా, పై విషయంలో చెప్పిన సుహానా నా కూతురు. ఆ సంగతి ముందే చెప్పుట మంచిది. అర్జీలో అసలు మాటను చివరి పేజీలో దాచేవాళ్లను నేను చాలామందిని చూశాను, ఎందుకంటే వాళ్లకు ఆ అర్జీలు రాసిపెట్టింది నేనే. ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్లు రాయచోటి తహశీల్దారు ఆఫీసు గోడ పక్కన టేబులు వేసుకుని కూర్చున్నాను. నా అర్జీలతో పింఛన్లు వచ్చాయి, పట్టాలు వచ్చాయి, ఒకాయనకు అలిగి పోయిన భార్య కూడా తిరిగి వచ్చింది.

తమరికి తెలుగులో రాయుటకు కారణం కూడా చెప్పవలెను. ఫుజైరా మ్యాచి నాడు తమరు ఫోనులో ఎవరినో "ఒరేయ్, ఆ బ్యానరు తలకిందులుగా కట్టారు, ముందు అది దించండి" అని కసురుకొనుట నేను బస్సు పక్కన నిలబడి విన్నాను. ప్రాణం లేచి వచ్చింది. అంతకు ముందు ఇంగ్లీషులో మూడుసార్లు తమ పోర్టల్‌కు రాస్తే, మీ అభిప్రాయం మాకు విలువైనది అని మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. ఇంకొక కారణం కూడా ఉంది. నా ఆన్‌లైను పనులన్నీ చేసిపెట్టేది సుహానాయే. ఆమె తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. రాయచోటిలో ఉర్దూ బడికి పోయింది, దుబాయ్ బడిలో తెలుగు చెప్పలేదు.

ఇక ఇబ్బందులు.

1. పదకొండేళ్లుగా మా కళాశాల, రోడ్డుకు అవతల షార్జా గడ్డ మీద ఉన్న కళాశాల ఏటా ఆడుకొనేవి. మా గేటు నుండి వాళ్ల గేటుకు బస్సు అవసరం లేదు. పిల్లలు నెట్టు భుజాన వేసుకుని నడిచి పోయేవాళ్లు. నేను వెనకాల నీళ్ల డబ్బాలు మోసేవాణ్ణి. అప్పుడు ఉత్తర మండలం, దక్షిణ మండలం అని ఉండేవి. ఏది ఎక్కడ ఉందో పేరే చెప్పేది. టీవీ సంస్థ వచ్చాక అవి రద్దయి డేగ మండలం, ముత్యం మండలం అయినవి. ఎక్కువమంది చూసే కళాశాలలు డేగలోకి, మిగతావి ముత్యంలోకి. దుబాయ్ అనే పేరు ఉన్నందుకు మమ్మల్ని డేగలో వేశారు, రోడ్డు అవతలి వాళ్లను ముత్యంలో వేశారు. రెండు మండలాలకు మధ్య మ్యాచిలు లేవట. ఇప్పుడు ఆ పిల్లలూ ఈ పిల్లలూ సిగ్నల్ దగ్గర ఒకరినొకరు చూసి చెయ్యి ఊపుకొని, మేము అబుదాబి వైపు, వాళ్లు రస్ అల్ ఖైమా వైపు పోవుచున్నాము.

2. టీవీ వారికి కావలసింది మగపిల్లల క్రికెట్టు. ఆ మాట వారు దాచలేదు. కాని మండలం మారితే అన్ని ఆటలకూ మారుతుంది. కావున టీవీలో ఒక్క నిమిషం రాని ఆటల పిల్లలు కూడా అబుదాబి దాటి రువైస్ దాకా ప్రయాణం చేయుచున్నారు. ఒక వైపే నాలుగున్నర గంటలు. అంత దూరం పోయి మూడు సెట్లలో ఓడి వస్తారు. నాకు అద్దంలో పద్నాలుగు తలకాయలు కనిపిస్తాయి, అన్నీ కిటికీల వైపు తిరిగి ఉంటాయి. ఈ ఖర్చు భరించలేమని మా యాజమాన్యం ఏప్రిల్‌తో ఆడపిల్లల వాలీబాల్ జట్టును ఎత్తివేయుచున్నది. టీవీ డబ్బులో క్రికెట్టు వాటా మాత్రం తీసుకొనుచున్నది.

(సెక్యూరిటీ వచ్చి బండి తీయమన్నాడు. మిగతాది ఇంకో ట్రిప్పు మీద వచ్చి, జెబెల్ అలీ ఫ్రీ జోన్ గేటు బయట రాయుచున్నాను. ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగనిస్తారు.)

3. టీవీ వచ్చాక హాలులోకి డ్రైవర్లకు ప్రవేశం లేదు. మెడలో కార్డు ఉండవలెనట. కోచ్‌కు కార్డు ఉంది, నీళ్లు అందించే మనిషికి ఉంది, డ్రైవరుకు లేదు. వాలీబాల్‌ను టీవీలో వేయరు గాని ఫోనులో చూపుతారు. కావున నా కూతురి ఆటను నేను హాలు బయట పార్కింగులో ఫోను పెట్టుకుని చూచుచున్నాను. మొదట తలుపు అవతల బంతి కొట్టిన చప్పుడు, జనం అరుపు వినిపిస్తాయి. ఆ తర్వాత అర నిమిషానికి ఫోనులో ఆమె ఎగురుతుంది. అయిపోయిన సంగతిని మళ్లీ జరుగుతున్నట్టు చూడటం నాకు బొత్తిగా పడదు. ఆ అర నిమిషం నేను కూర్చోలేను, నిలబడలేను.

3. (మూడు రెండోసారి పడినది. క్షమించవలెను, కొట్టివేస్తే అర్జీ అసహ్యంగా ఉంటుంది.) అక్టోబరు 17న అబుదాబి పక్కన మఫ్రఖ్ దగ్గరి హాలులో, అక్కడిదే అయిన రాజధాని కళాశాలతో మ్యాచి జరిగినది. కెమెరాకు కుర్చీలు ఖాళీగా కనిపించరాదని పక్క క్యాంపుల నుండి రెండు బస్సుల కూలీలను తెచ్చి, పసుపు చొక్కాలు తొడిగి, రాజధాని కళాశాల తరఫున అరవమన్నారు. వారిలో లక్కిరెడ్డిపల్లె జోగయ్య అనే సెంట్రింగు మేస్త్రీ ఉన్నాడు. మ్యాచికి ముందు పార్కింగులో, నేను నోరు తెరవకుండానే నా మొహం చూసి పట్టేశాడు.

"అన్నా, యాడ మనది?"

"రాయచోటి."

"ఓర్నీ, పక్కనే గదా. లోపల ఆడేవాళ్లలో మనోళ్లు ఎవరన్నా ఉండారా?"

నేను ఊరుకొని ఉండవలసినది. "నీలం చొక్కా, ఏడో నంబరు. నా కూతురు" అన్నాను.

ఆ తర్వాత జరిగినది ఫోనులో చూశాను. ఏడో నంబరు బంతి కొట్టినప్పుడల్లా పసుపు చొక్కాల మధ్యలో జోగయ్య లేచి "కొట్టు పాపా, ఇంకోటి కొట్టు" అని కేకపెట్టాడు. మొదట అతడొక్కడే. రెండో సెట్టుకు నలభై మంది. తెలుగు రాని వాళ్లు కూడా కొట్టు పాపా అన్నారు. ఎవరో సూపర్‌వైజర్ వచ్చి "ఉధర్ నహీ, ఇధర్ చిల్లావ్" అని రాజధాని జట్టు వైపు చూపిస్తే, జోగయ్య "చొక్కా మీదే సార్, గొంతు నాది" అన్నాడట. చొక్కా విప్పించుకుని బయటికి పంపారు. బనియన్ మీద వచ్చి నా బస్సులో ఏసీ కింద కూర్చున్నాడు. మేము గెలిచాము. ప్రేక్షకుల క్రీడాస్ఫూర్తి అద్భుతం అని ఫోనులో వ్యాఖ్యాత మెచ్చుకొన్నాడు.

ఆ అరుపులకే రాజధాని కళాశాల కోచ్ మేడమ్ మా అమ్మాయిని ఇంకొక్కసారి నిదానంగా చూసిందని నా అనుమానం. మరుసటి వారమే కబురు వచ్చినది. ఫీజు లేదు, హాస్టల్, కొత్త హాలు, నలుగురు కోచ్‌లు. జనవరి నుండి చేరవచ్చును. వాళ్ల దగ్గర టీవీ డబ్బు ఉంది గనుక ఏ కళాశాలలో మంచి ఆటగాళ్లు ఉంటే వాళ్లను ఎత్తుకుపోవుచున్నారు. మా క్రికెట్టు జట్టు నుండి ముగ్గురు పోయారు. జట్టును ఎత్తేసేవాళ్లూ, జట్టులోంచి ఎత్తుకుపోయేవాళ్లూ ఒకే మండలంలో ఉన్నారు.

4. ఇక అసలు మాట. సుహానా దరఖాస్తు ఆన్‌లైనులో తమకు చేరినది. తండ్రి సమ్మతి ఫారం మాత్రం చేరలేదు. అది మూడు వారాలుగా నా దగ్గరే, బస్సులో ఉంది. గడువు ఈ నెల 20. ఆమె రోజూ అడుగుతుంది, నేను రోజూ ఒకటే చెబుతున్నాను: "ఆఫీసువాళ్లు ఏదో అభ్యంతరం పెట్టారు బేటా, చూస్తున్నారట."

అది అబద్ధం. తమ ఆఫీసు ఏ అభ్యంతరమూ పెట్టలేదు. కావున తమరు దయయుంచి ఏదో ఒక అభ్యంతరం పెట్టి, ఆ దరఖాస్తును నిరాకరించి, నా మాటను నిజం చేయవలెనని నా ప్రార్థన.

నిరాకరణకు కారణములు నేనే సూచించెదను. ఒకటి, సీజను మధ్యలో బదిలీ క్రీడా నీతికి విరుద్ధం. రెండు, టీవీ ఒప్పందం ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు. ఈ రోజు హాలు కట్టినవాళ్లే రేపు మా యాజమాన్యం మాదిరి ఖలాస్ అంటే ఆమె నడిరోడ్డున నిలబడుతుంది. మూడు, ఆమె మ్యాచికి ముందు ఏమీ తినదు. బస్సెక్కగానే నేను వెనక్కి చూసి "తిన్నావా" అంటేనే బిస్కట్టు పొట్లం విప్పుతుంది. హాస్టల్‌లో ఆ మాట అడిగే మనిషి ఉంటాడని ఫారంలో ఎక్కడా రాయలేదు. మూడోది నిబంధనల ప్రకారం చెల్లదని నాకు తెలుసు. అయినా అదే పెద్ద కారణం.

ఇక్కడే ఉంటే ఏప్రిల్ తర్వాత ఆమెకు ఆట లేదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆట లేకపోయినా సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వస్తుంది. కరామాలో మాకున్నది ఒక గది. ఆమె తలుపు తోసి చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ విసిరేస్తుంది, నా భార్య సల్మా తిడుతుంది, అప్పుడు నాకు రోజు అయిపోయినట్టు ఉంటుంది. పదమూడేళ్లు వాళ్లిద్దరూ రాయచోటిలో, నేను ఇక్కడ. కూతురిని తెచ్చుకుని ఆరేళ్లే అయినది. ఇది న్యాయమా అని తమరు అడగవద్దు. ఆ ప్రశ్న నేను వేసుకున్నాను, జవాబు నచ్చలేదు.

నేనే వద్దని చెప్పవచ్చును గదా అని తమరు అనవచ్చును. రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ ఆమె షూ లేసులు కట్టుకుంటూ తలెత్తి చూసింది, నేను టైరులో గాలి గురించి మాట్లాడాను. నాకు చేతకాదు. అధికారులకు చేతనవును. కాదని చెప్పుటకే కదా ప్రభువులు ఆఫీసులు పెట్టినది.

కాబట్టి 1 నుండి 3 వరకు, రెండో 3 సహా, విచారించి న్యాయం చేయవలెను. 4వ అంశం విచారణ లేకుండానే చేయవలెను. ఇది తమరు చిత్తగించి, ఇరవయ్యో తేదీలోగా కాదనవలెను.

ఇట్లు,
ఇంతకుముందెన్నడూ ఎవరికీ ఇలాంటిది రాసిపెట్టని తమ విధేయుడు,
అల్లాబకాష్

తాజా కలం: సాయంత్రం ఏడు గంటలు, కరామా.

అయ్యా, అర్జీని పోర్టల్‌లో పెట్టమని సుహానాకే ఇచ్చాను. చదవడం రాదు గదా అని ధైర్యం. ఆమె ఫోనుతో ఫోటో తీసింది. ఆ ఫోను తెలుగు చదువుతుందని నాకు తెలియదు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని తాలూకా అంతా మెచ్చుకొనేవాళ్లు, అదే నా కొంప ముంచింది. పొయ్యి దగ్గర సల్మా రొట్టెలు కాల్చుచుండగా, ఫోనులోంచి ఎవరో ఆడమనిషి గొంతు "గౌరవనీయులైన శ్రీ కౌశిక్ గారి సముఖమునకు" అని మొదలుపెట్టి ఒక్క అక్షరం వదలకుండా చదివింది. తమ విధేయుడు దాకా చదివింది. నేను గది గుమ్మంలో నిలబడి విన్నాను. సల్మా రొట్టె ఒకటి మాడిపోయింది.

సుహానా ఫోనును బోర్లా పెట్టింది. తర్వాత అంది: "అబ్బాజాన్, ఆఫీసోళ్లు కాదనలేదు గదా."

"లేదు" అన్నాను.

"నీకు వద్దంటే నేను పోను. నిజంగానే పోను, ఇంట్లోనే ఉంటా. కానీ ఆ మాట నువ్వు చెప్పు. ఇంకోళ్లతో చెప్పించొద్దు."

సల్మా పొయ్యి ఆపి నా వైపు తిరిగింది. "చెప్పు మరి, అడుగుతా ఉంది గదా బిడ్డ" అంది.

కాదనడానికి నోరు తెరిచాను. తొమ్మిదేళ్లు ఊరందరి తరఫున రాసినవాణ్ణి, నా తరఫున ఒక్క మాట రాలేదు. కిందికి పోయి బస్సులోంచి ఫారం తెచ్చాను. కలం ఆమే ఇచ్చింది.

అందువలన పై అర్జీలో 4వ అంశాన్ని ఉపసంహరించుకొనుచున్నాను. మిగతావి నిజమే, వాటిని చూడవలెను. సమ్మతి ఫారం ఇందువెంట జతచేయడమైనది. సంతకం కొంచెం వంకరగా పడినది, పాస్‌పోర్టులో ఉన్నట్టు లేదు. సరిపోలలేదని వెనక్కి పంపవద్దు. అది నా సంతకమే.