శ్రీశైలం దారిలో తప్పిపోయిన బావ

తార్నాక

చిరంజీవి గిరీష్‌కు, కోపంగా ఉన్నా ఆశీర్వదించక తప్పని బావ మల్లికార్జున రాయడమేమంటే,

ఫోన్‌లో అయితే నోరు జారుతుందని ఉత్తరం రాస్తున్నాను. శ్రీశైలానికి అడవి దారిన కలిసి బయలుదేరాం. పెచ్చెరువు దగ్గర అన్నదానం వాళ్లు బొరుగుల ఉగ్గాని పెడుతుంటే రెండోసారి వరసలో నిలబడ్డాను. తిరిగి చూస్తే నువ్వు లేవు. 'శివా' అని పిలిస్తే అడవిలో సగం మంది వెనక్కి తిరిగారు. నడిచేవాళ్లందరినీ శివా అనే పిలవాలని నియమం పెట్టినవాడికి బామ్మర్ది లేడేమో.

సరే, నా దర్శనం బ్రహ్మాండంగా అయింది. చీర మాత్రం నీ సంచిలో ఉండిపోయింది. నీకు యూనివర్సిటీలో ఉద్యోగం వస్తే ముగ్గురం నడిచొచ్చి అమ్మవారికి చీర పెడతామని మీ అక్క మొక్కుకుంది. ఏటా శివరాత్రికి అడిగేది. బస్సులున్నాయి కదా, నడవడమెందుకు అనేవాణ్ణి. లలిత పోయి రెండేళ్లు. ఆ చీర అమ్మవారికి చేరిందా లేదా, అదొక్కటి చెప్పు చాలు.

ఇట్లు,
మీ బావ

తా.క.: నా తువ్వాలు కూడా నీ సంచిలోనే ఉంది. పాతదే, కానీ నాది.

యూనివర్సిటీ క్వార్టర్స్

బావగారికి నమస్కారాలు. మోకాళ్లు వంగడం లేదు కాబట్టి కాగితం మీదే.

'నువ్వు నడుస్తా ఉండప్పా, నేను ఎనకే వస్తా' అన్నది ఎవరు? కైలాసద్వారం దగ్గర పొద్దుగూకేదాకా నిలబడ్డాను. వచ్చే ప్రతి ముఖంలోకీ తొంగి చూశాను. నన్ను అక్కడి మజ్జిగ పందిరి సేవకుడనుకుని ఒకాయన గరిటె చేతిలో పెట్టాడు. సాయంత్రానికి ఆ పందిట్లో నా మాటకు తిరుగులేదు. మీరు మాత్రం రాలేదు. అడవిలోంచి పైకి ఇంకో దారి లేదు కదా, మీరెట్లా వెళ్లారు?

గుడిలోకి కలిసే పోవాలన్నది అక్క మాట. అట్లాగే పోదామని ఆమె ఫొటో ముందు అనుకుని బయలుదేరాం. మీరొక్కరే దర్శనం చేసుకున్నారంటే నాకు చాలా బాధగా ఉంది.

చీర చేరింది. ఇక అడక్కండి. ప్రసాదం పార్సిల్ చేశాను.

ఇట్లు,
గిరీష్

తా.క.: మీ ఉత్తరం తార్నాక నుంచి క్యాంపస్‌కు రావడానికి వారం పట్టింది. అది కూడా దారిలో ఉగ్గానికి ఆగి ఉంటుంది.

తార్నాక

గిరీష్‌కు, ఈసారి ఆశీస్సులు లేవు.

నా చెయ్యి పడకుండా నా భార్య మొక్కు తీర్చావా? తమ్ముడివి, నీకూ హక్కుంది, కాదనను. కానీ ఇన్నేళ్లూ ఆ చీర మా బీరువాలో ఉంది. లలిత దాన్ని అప్పుడప్పుడూ ఎండలో వేసి, మళ్లీ అదే మడతలో పెట్టేది. ఆ మడత విప్పేటప్పుడు నేను పక్కన ఉండొద్దా? ఇకమీదట తార్నాక రావద్దు. మెట్రోలో వెళ్లినా మా స్టేషన్ వచ్చేసరికి అటు తిరిగి కూర్చో.

ఇట్లు,
మల్లికార్జున

తా.క.: ప్రసాదం లడ్డు పక్కింటి విజయశ్రీకి పెట్టాను. 'ఇది మన చౌరస్తా స్వీట్ షాపుది కదా అంకుల్, జీడిపప్పు గిట్ల ఆళ్లే వేస్తరు' అన్నది. లడ్డుల విషయంలో ఆ అమ్మాయి మాట తప్పు కాదు.

యూనివర్సిటీ క్వార్టర్స్

బావగారికి నమస్కారాలు. నా వైపు నుంచి మర్యాద తగ్గదు.

లడ్డు సంగతి తర్వాత. మా డిపార్ట్‌మెంట్ సామేలు అత్తగారిది ఆత్మకూరు. 'శివరాత్రి నాడు మీ బావను ఆత్మకూర్ బస్టాండ్ల చూసిన సార్. కాళ్లకు గుడ్డలు చుట్టుకొని కూసున్నడు. శ్రీశైలం బస్సులు వస్తున్నయి, పోతున్నయి, ఆయన ఎక్కుతలేడు' అన్నాడు. ఆత్మకూరు మనం నడక మొదలుపెట్టిన ఊరు. దర్శనం బ్రహ్మాండంగా అయిన మనిషికి అక్కడేం పని?

ఇట్లు,
గిరీష్

తా.క.: మీకు నిమ్మ సోడా కూడా ఇప్పించాడట. సోడా తాగిన సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు.

తార్నాక

ఒరేయ్ గిరీశూ,

దర్శనం అబద్ధం. రెండోసారి ఉగ్గాని కూడా అబద్ధం. కాళ్లు బొబ్బలెక్కి లేవలేకపోయాను. నీకు చెప్పడానికి సిగ్గేసి ముందు పొమ్మన్నాను. అన్నదానానికి బియ్యం తెచ్చిన ట్రాక్టర్‌లో వెనక్కి ఆత్మకూరు వచ్చాను. బస్సెక్కి నీకంటే ముందే గుడికి చేరొచ్చనుకున్నాను. ఎక్కలేకపోయాను. లలిత నడుద్దామన్న ప్రతిసారీ బస్సుంది కదా అన్నాను. కాళ్లు బాగున్న రోజుల్లో అన్నాను. ఇప్పుడు ఆమె మొక్కు కోసం అదే బస్సులో ఏ ముఖం పెట్టుకుని పోను? ఒక్క ఏడాదైనా ఆమెతో నడిచి ఉండాల్సింది.

నువ్వన్నా చీర పెట్టావు. నాకది చాలు. కోపం లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ట్రాక్టర్‌లో ఖాళీ గోనెసంచుల మీద కూర్చుంటే, ఎదురొచ్చేవాళ్లంతా దర్శనం చేసుకుని తిరిగొస్తున్నాననుకుని దండం పెట్టారు. నేను ఆశీర్వదించాను కూడా.

యూనివర్సిటీ క్వార్టర్స్

బావా,

లడ్డు మీ చౌరస్తాదే. మజ్జిగ పంచడం అయ్యాక గుడికి వెళ్లాను. వరసలో నిలబడి చీర బయటికి తీశాను. ఒక్కణ్ణే ఇవ్వడానికి చేతులు రాలేదు. తిరిగొచ్చి హైదరాబాద్ బస్సెక్కాను. మీరు నన్నొదిలి లోపలికెళ్లారన్న కోపంలో చేరిందని రాశాను. చేరింది మా బీరువాకు.

అక్క ఇన్నేళ్లు మీ బీరువా దగ్గర ఎదురుచూసింది. ఆ ఉద్యోగం నాకొచ్చింది, రిటైర్మెంటూ దగ్గరికొచ్చింది. ఆమెను ఒక్కసారి నడిపించి తీసుకెళ్లడానికి మాత్రం మనిద్దరికీ తీరలేదు.

వచ్చే శివరాత్రికి నడవగలిగినంత నడుద్దాం, మిగతాది ట్రాక్టర్‌లో పోదాం. అక్క ఏమీ అనదు. రేపు పొద్దున్నే నడక మొదలుపెట్టండి, మీ ఇంటి నుంచి యూనివర్సిటీ గేటు దాకా. మీరు వచ్చేదాకా అక్కడే ఉంటాను, నిలబడడం నాకు అలవాటైంది. తార్నాక రావద్దన్నారు కాబట్టి ఈ ఉత్తరం మీ తలుపు కింద తోసి, బెల్ కొట్టకుండా వెళ్తున్నాను.

ఇట్లు,
మీ గిరీశు

తా.క.: గేటు దగ్గర పొద్దున నడిచేవాళ్లు చాలామంది ఉంటారు. ఈసారి పేరు పెట్టి పిలవండి.