తడిపిన తెర

రాజవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

నువ్వు పోయాక మళ్లీ మొదటిసారి నిన్న సిద్దిపేటలో నాటకం ఆడాం. ఎప్పటిలాగే నేను ముందు వరసలో కూర్చున్నాను. గాజు పలక మీద నేను గీసిన అమ్మవారిని శిష్యులు తెర వెనుక నుంచి లాంతరు వెలుగుతో చూపించారు. బొమ్మ మసకగా పడింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి మంచి గ్యాసునూనె దొరకడం లేదు గదా, ఒత్తి సరిగా చూసుకోలేదని కూర్చున్న చోటి నుంచే వాళ్ల మీద కేకలేశాను.

హార్మోనియం వాయించే యాదగిరి నా దగ్గరికొచ్చి, "వాళ్ల తప్పేం లేదన్నా. వదినె ఉన్నప్పుడు చెంబుతోటి తెర తడుపుతుండె. బట్ట తడిస్తెనే బొమ్మ ఇవతలికి మంచిగ కనబడుతది" అన్నాడు.

నువ్వు నీళ్లు చల్లేది దుమ్ము లేవకుండా అనుకున్నాను. ఇంతమందికి పని నేర్పాను, ఆ ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు. నాకే తెలియదు.

చెంబు పట్టుకుని నేనే వెనక్కి పోయాను. తెర తడపగానే అమ్మవారు వెలిగిపోయింది. అవతల జనం జై కొట్టారు. నాకు మాత్రం ఆమె కుడి చేతి శూలం ఎడమ చేతిలో కనిపించింది.

వెనుక నుంచి చూస్తే అంతా తారుమారే. ఇన్నేళ్లూ నువ్వు చూసింది ఈ బొమ్మనే. ఒక్కసారి ముందుకొచ్చి నా పక్కన కూర్చో అని నేనెన్నడూ అనలేదు.