పదిహేడో నంబరు నడుము

ఫోటోల ప్రదర్శన నడిపే అమ్మగారికి,

నమస్కారం. నేను పాతరోజుల్లో ఒక స్టూడియోలో టచింగ్ పని చేసినవాణ్ణి. నెగెటివ్ మీద బ్లేడుతో గీకి, పెన్సిల్‌తో దిద్ది, మొటిమల మొహాలను నున్నగా చేసే పని. నా మొహానికి మాత్రం ఆ యోగం పట్టలేదు.

మొన్న ఆదివారం మా ఆవిడతో కలిసి మీ పాతకాలపు ఫ్యాషన్ ఫోటోలు చూడటానికి వచ్చాను. అందులో పదిహేడో నంబరు నిలువెత్తు ఫోటో ఉంది కదా, అటు తిరిగి నిలబడ్డ సుందరి, పెద్ద టోపీ, మోచేతుల దాకా తొడుగులు, పిడికిట్లో ఇమిడే నడుము. దయచేసి దానిమీద ఓ గుడ్డ కప్పండి. కారణం అడక్కండి. దాని ముందు అరగంట నిలబడిపోయాను. మా ఆవిడ చూసింది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. పైగా మళ్ళీ వెళ్ళి చూస్తానని మనవరాలితో అందట. ఈ మనిషి ఒక్కపూట నోరు మూసుకుంటే బాగుండునని ముప్ఫై ఎనిమిదేళ్ళు అనుకున్న వెధవని నేనే. ఇప్పుడు ఇల్లు ఇల్లులా లేదు.

ఇట్లు,
మాటలకు మొహం వాచిన ఒక ముసలాడు

తా.క.: గుడ్డ లేకపోతే మా ఇంట్లో పాత దుప్పటి ఉంది. తెచ్చిస్తాను.

———

గౌరవనీయులైన పెద్దాయన గారికి,

మీ ఉత్తరం చదివి మా ఆఫీసంతా కళ్ళు తుడుచుకుంది. తొలిప్రేమను ఇన్నేళ్ళు గుండెలో దాచుకున్నారా! ఆ ఫోటో కింద ‘పేరు తెలియని సుందరి’ అని రాసుకున్నాం. కుర్చీ పక్కన గాలి మీద చెయ్యి వాల్చిన ఆమె నిర్లక్ష్యపు సొగసు గురించి నేనే గోడమీద ఒక పేరా రాశాను.

గుడ్డ కప్పడం కుదరదు. దానికి బదులు ఫోటో ముందు మీకోసం కుర్చీ వేయించాను. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టించాను: ‘పదిహేడో నంబరు సుందరి ఎక్కడున్నా ఇక్కడికి రావాలి. ఒక పాత మిత్రుడు ఎదురుచూస్తున్నాడు.’

మీ ప్రేమకు తలవంచుతూ,
నిర్వాహకురాలు

తా.క.: ఆ సుందరిని నేనేనంటూ ఇప్పటికే నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ టేపు కూడా తెచ్చుకున్నారు.

———

అమ్మా,

కొంప ముంచారు. ముందు ఆ బోర్డు పీకించండి. ఆ సుందరి రాదు. ఎందుకంటే ఆ సుందరిని నేనే.

ఆ రోజు రావలసిన మోడల్‌కి పంటినొప్పితో దవడ వాచింది. వచ్చి, వెళ్ళిపోయింది. వెలుతురు తగ్గిపోతోంది. ఫోటోగ్రాఫర్ చుట్టూ చూశాడు. స్టూడియోలో అందరికంటే బక్కవాణ్ణి నేను. గౌను తొడిగించారు. అది వదులైతే క్లిప్పులు పెట్టారు. మామూలుగా క్లిప్పులు వీపు వెనక పెడతారు. ఇక్కడ వీపే కెమెరా వైపు ఉంది కాబట్టి ఇరవై క్లిప్పులూ నా పొట్ట మీద పెట్టారు. ఎదురుగా నిలబడి చూస్తే నేను బట్టలారేసిన తీగలా ఉన్నాను.

అయినా నడుము సన్నగా లేదన్నారు. నెగెటివ్ మీద నా నడుము నేనే గీక్కున్నాను. ఆ ఊపులో కుర్చీ చెయ్యి కూడా గీకేశాను. అందుకే ఆ సుందరి చెయ్యి గాల్లో తేలుతోంది. అరగంట నిలబడింది ప్రేమతో కాదమ్మా, నా తప్పు ఇంకా ఎవరూ కనిపెట్టలేదా అని. మీరు దానిమీద పేరా రాశారు. క్షమించండి.

అసలు సంగతి వినండి. ఆ ఫోటో అప్పట్లో ఒక పత్రికలో వచ్చింది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ దాన్ని కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకుంది. ఆ నడుము కోసం రెండేళ్ళు రాత్రిపూట అన్నం మానేసింది. నేను ఎదురుగా కూర్చుని, కిక్కురుమనకుండా మారు వడ్డించుకుని తిన్నాను. పాత ప్రేయసి ఉందంటే క్షమిస్తుందేమో గానీ ఇది క్షమించదు. భయంగా ఉందమ్మా. ఆవిడ మాట్లాడకపోతే నాకు బతకబుద్ధి కావడం లేదు.

ఇట్లు,
సుందరి

తా.క.: ఆ టేపు ఆవిడకు చెప్పండి, ఇప్పుడు నా నడుము నలభై రెండు.

———

సుందరి గారికి,

టేపు ఆవిడ మీ ఆవిడే.

మీ మొదటి ఉత్తరం రాకముందే, సోమవారం పొద్దున్నే వచ్చారు. తిన్నగా పదిహేడో నంబరు దగ్గరికి వెళ్ళి టోపీ కింద ఎడమ చెవిని చూపించారు. “ఈ చెవి వెనక జుట్టు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కత్తిరిస్తున్నది నేను. నాకు తెలియదూ?” అన్నారు. నడుము గీకారు గానీ చెవిని వదిలేశారు మీరు.

తర్వాత ఆవిడ నవ్వి నవ్వి నేలమీద కూలబడ్డారు. ఆ రెండేళ్ళ పస్తులు గుర్తొచ్చి కాస్త ఏడ్చారు కూడా. మీ ఉత్తరం సంగతి చెబితే టేపుతో మళ్ళీ వచ్చారు, బోర్డు ఆలోచన ఆవిడదే. మీరు నిజం ఒప్పుకునేదాకా నన్ను నోరు విప్పొద్దన్నారు. మా ఆఫీసు కళ్ళు తుడుచుకున్నది నవ్వు ఆపుకోలేక. నా పేరా మాత్రం నిజంగానే రాశాను, దాన్ని ఇవాళ తీసేయించాను.

మీరు భయపడకండి. ఆవిడకు కోపం లేదు. మాట్లాడదామని నోరు తెరిస్తే నవ్వొచ్చేస్తోందట, అందుకే మాట్లాడటం లేదట.

మీ రహస్యం పంచుకున్న,
నిర్వాహకురాలు

తా.క.: టేపు లెక్కన ఆ నడుము ఇరవై రెండు. మీకు అది మళ్ళీ వచ్చేదాకా రాత్రిపూట మీకు అన్నం లేదని చెప్పమన్నారు. ఆవిడ మాత్రం మీ ఎదురుగా కూర్చుని మారు వడ్డించుకుంటారట.