దాచిన జ్వరం

హైదరాబాదు
1957 జులై 22

బాపుకు, మంజులత దండం పెట్టి రాసుకుంటున్నది.

అమ్మ దశదినకర్మకు వచ్చి నాలుగు రోజులు నీ ఎదురుగానే ఉన్నాను. చెప్పకుండానే తిరిగొచ్చాను. పెద్దబాపు కొడుకు భిక్షపతి ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు పక్కన ఇంకెవరినీ ఉంచుకోకు.

కిందటి నెల సెలవు మీద వచ్చినప్పుడు నాకు అప్పటికే జ్వరం. మా ఆసుపత్రి వార్డు నిండా ఫ్లూ రోగులే, మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టాం. నాతో నర్సు చదువుకు వచ్చిన పిల్లల్లో ఇద్దరు పెట్టెలు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. నాకూ భయమే. కానీ జ్వరమని చెబితే మీరు చదువు మానిపిస్తారని మాత్ర మింగి బస్సెక్కాను.

మర్నాడు పొద్దున మన వీధి పొడుగునా మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు చాపారు. గంజి పట్టించాక ఆరేలోగా కుంచె తోసి విడదీయకపోతే దారాలన్నీ అతుక్కుపోతాయి కదా, మధ్యలో ఎవరూ వదలరు. మనిషి తక్కువైతే నేనూ నిలబడ్డాను. తెగిన పోగులు అతికేందుకు అమ్మా నేనూ తలలు దగ్గర పెట్టి వంగాం. వార్డులో మూతికి గుడ్డ లేకుండా రోగి దగ్గరకు పోనిదాన్ని, అమ్మ ముఖం మీదే దగ్గాను. నేను హైదరాబాదు తిరిగొచ్చిన వారానికి వీధిలో ఏడుగురు మంచం పట్టారు. ఆరుగురు లేచారు.

ఇంత నేర్చుకుని ఏం లాభం బాపూ? కన్నతల్లిని చంపుకున్న చేతులతో ఇంకొకరి నాడి ఎట్లా పట్టుకోను? నర్సు చదువు నుంచి పేరు కొట్టేయమని అర్జీ రాసి పెట్టుకున్నాను. నీ జవాబు రాగానే ఇచ్చేసి, ఇంటికొచ్చి మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటాను. తిట్టాలనుంటే తిట్టు.

నీ బిడ్డ
మంజులత

కట్టంగూరు
జులై 27

బిడ్డా మంజులతా,

నేను చెప్తాంటే భిక్షపతి రాస్తుండు. పక్కన ఎవ్వరు లేరు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్న. ఏడుపొచ్చింది, కోపం గూడ వచ్చింది. నువ్వు దాచిన్ననుకుంటున్నవు గని, మీ అమ్మ కాడ ఏం దాగుతది? బస్సు దిగి నువ్వు చెయ్యి పట్టుకోంగనే ఒళ్లు కాలుతున్నదని ఆమెకు ఎరుకైంది. వీధిల తెలిస్తే పిల్లను మళ్ల పోనియ్యరు, నోరు మూసుకో అన్నది. నేను మూసుకున్న. పడుగు కాడికి నిన్ను పిలిచింది గూడ నేనే. తప్పు ముగ్గురిది బిడ్డా, ఒక్కదానివే ఎట్ల మోస్తవు?

గీ సంగతి నీకు చెప్పొద్దనుకున్న. జ్వరం ముదిరిన నాడు నీకు టెలిగ్రాం కొట్టిస్తనని లేచిన. మీ అమ్మ నా ధోతి పట్టుకున్నది. "అది వస్తే తన కాడి నుంచే అంటిందని కనిపెడ్తది. సదువు ఇడిచిపెడ్తది. నేను పోతే పోయిన, దాన్ని పిలువకు" అన్నది. నిన్ను చూడాలని ఎంత ఉండెనో, కండ్లు వాకిలి మీదనే పెట్టి పాణం ఇడిచింది.

ఆమె మాట నేను దాటలే. అర్జీ చింపెయ్. నువ్వు సదువు ఇడిచిపెట్టి వస్తే నేను తలుపు తియ్య.

నీ బాపు
లక్ష్మీనర్సయ్య వేలిముద్ర