వేణువుకు బిరడాలుండవు

సాంస్కృతిక శాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. మీరు పంపిన క్షమాపణ పత్రం అందింది. కింద సంతకం పెడితే చాలన్నారు. పెట్టను.

మొన్నటి రెండు దేశాల ఉమ్మడి కచేరీలో నా వయొలిన్ శ్రుతిని అవతలి దేశపు వేణువుకు సరిపడా దించి, ఇరుదేశాల మంత్రుల ముందు మన దేశం పరువు తీశానని మీ అభియోగం. దించిన మాట నిజమే. ఎందుకు దించానో మీ పత్రంలో లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కచేరీకి పది నిమిషాల ముందు తెర వెనుక, ఆ వేణువు పెద్దాయన మన శ్రుతి అందుకోవాలని ముఖం కందిపోయేలా ఊదుతున్నారు. నా పక్కనున్న మీ అధికారి, "వాళ్ళనే మారమనండమ్మా, మనమెందుకు తగ్గాలి?" అన్నారు.

"వేణువు ఎలా మారుతుంది బాబూ? దానికి రంధ్రాలు ఎప్పుడో వేసేశారు. నా వయొలిన్‌కైతే తీగలు బిగించే బిరడాలున్నాయి, చెవి మెలిపెడితే మాట వింటుంది" అని నాలుగు తీగలూ సవరించుకున్నాను.

పొద్దున చర్చల్లో ఇరవై నిమిషాలకే లేచిపోయిన ఆ మంత్రులిద్దరూ కచేరీలో గంటన్నర కదలకుండా కూర్చున్నారు. అది మీ కంటికి ఆనలేదు.

సంతకం పెట్టకపోతే వచ్చే నెల వాళ్ళ దేశంలో కచేరీకి ఇంకొకరిని పంపుతామన్నారు. పంపండి. మీ పత్రం తిప్పి పంపుతున్నాను. వెనకవైపు ఆ వేణువు శ్రుతి రాశాను. వెళ్ళేవాళ్ళకి అవసరం పడుతుంది.

ఇట్లు,
ఇప్పటిదాకా మీ బృందంలో ఉన్న వయొలిన్ విద్వాంసురాలు