తాళం లేని స్విచ్చు

చిరంజీవి పెద్దోడికి,

ప్రభువు పేరిట నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చేయి రావడం లేదు. తింటున్నాం, లేస్తున్నాం, పనికి పోతున్నాం, అంతవరకు నిజం. అమ్మకు బీపీ తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఫ్యాక్టరీ మొత్తానికి కరెంటు చూసే మనిషి ఇంట్లో ఫ్యాను తిరగదేమిటని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. మొన్న బాగుచేశాను. అది నీ తమ్ముడి గదిలో ఫ్యాను. అమ్మ దాని కింద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

పోయిన సోమవారం అందిన నీ ఉత్తరం ఆమెకు చూపించలేదు. ఉద్యోగం గురించి, నా మోకాలి గురించి ఎన్ని రాసినా నువ్వు అసలు అడిగింది ఒకటే. తమ్ముణ్ణి చంపినవాడు ఏ షిఫ్టులో ఉన్నాడు, ఏ దారిన ఇంటికి వెళ్తాడు. పన్నెండో తేదీకి సెలవు పెట్టి వస్తున్నానన్నావు. ఎందుకో రాయలేదు. నా కొడుకువి కాబట్టి నాకు అర్థమైంది.

అవును, అతను మళ్ళీ పనిలో చేరాడు. కేసు నడుస్తోంది. ఇప్పుడు సూపర్‌వైజర్ కాదు, ట్యాంకులు కడిగే పనిలో వేశారు. నిమిషం ఆలస్యమైతే నెత్తికెక్కి కూర్చునేవాడని వెనకాల 'గడియారం' అని పిలిచేవాళ్ళం కదా, ఆ తొందరే మన కొంప ముంచింది. సబ్బు కలిపే ట్యాంకులోకి దిగేవాడు ముందు స్విచ్చుకు తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి. తమ్ముడు వేసుకునే దిగాడు. ఇతను అది పోయిన షిఫ్టువాళ్ళు మరచిపోయిన తాళం అనుకున్నాడు. లోపలికి తొంగి చూడకుండా దాన్ని కత్తిరించి, ట్యాంకులో రెక్కలు తిప్పే మిషను వేశాడు. తాళంచెవి తమ్ముడి జేబులోనే దొరికింది.

ఇంకా ఏ మొహం పెట్టుకుని చర్చికి వెళ్తున్నావు నాన్నా అని అడిగావు. వెళ్తున్నాను గానీ, ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఒక మాట దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటున్నాను. మాకు చెడు చేసినవాళ్ళను మేము క్షమించినట్టు అనే మాట, చిన్నప్పుడు నీకు నేనే నేర్పాను. ఎనిమిది నెలలుగా ఇదే వరస. అందరూ ఆ మాట దాటాక మళ్ళీ గొంతు కలుపుతాను. అమ్మకు తెలుసు. ఆమె కూడా ఆ మాట పలకడం లేదు.

ఇక ఆమెకూ చెప్పని సంగతి ఒకటుంది. పోయిన నెలలో ఒక మంగళవారం, భోజనాలయ్యాక, మిషన్ల స్విచ్చులన్నీ ఉండే మేడ మీది ప్యానెల్ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. కిటికీలోంచి చూస్తుండగానే అతను నిచ్చెన వేసుకుని ట్యాంకులోకి దిగాడు. నేను ఆ ట్యాంకు స్విచ్చు వైపు చూశాను. తాళం లేదు.

స్విచ్చు మీద చేయి పెట్టాను. చేయి దానంతట అదే వెళ్ళిందని రాస్తే నిన్ను మోసం చేసినట్టే. తాళం వేసుకోకపోవడం అతని తప్పేనని రాసుకుంటారు, నన్ను ఎవరూ అడగరు, ఇదంతా ఆలోచించుకునే పెట్టాను. లోపల గీకుతున్న చప్పుడు పైకి వినబడుతోంది. ఆ రోజు తమ్ముడు కూడా అలాగే గీకుతూ ఉండి ఉంటాడు. నాకు సంతోషం కలిగింది, పెద్దోడా. తమ్ముడు పోయాక మొదటిసారి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ సంతోషాన్ని చూసి భయపడ్డాను.

నాకు దర్శనాలేవీ కలగలేదు. పగ తీర్చే పని మనుషులది కాదు, తనదేనని దేవుడు చెప్పాడని చిన్నప్పటి నుంచి వింటున్నదే. అంతవరకు అది నాకు ఓదార్పు మాట. ఆ మధ్యాహ్నం నా చేయి తీయమన్న ఆజ్ఞ అయింది. ఒళ్ళు మండిపోయింది. మరి నువ్వెప్పుడు తీరుస్తావని పైకే అడిగాను. ట్యాంకులో అతను దగ్గాడు, సబ్బు పొడి గొంతుకు అడ్డం పడ్డ మామూలు దగ్గు. నా తాళం తీసి స్విచ్చుకు వేశాను. తాళంచెవి జేబులో ఉంటే నన్ను నేను నమ్మలేను. దాన్ని కిటికీలోంచి కిందికి విసిరేశాను.

పని అయిందని చెప్పడానికి అతను మేడ మీదికి వచ్చాడు. నా తాళం చూశాడు. ఎప్పుడూ నన్ను నువ్వు అనే మనిషి.

"మీరు ఇక్కడున్నారని తెలిసే తాళం వేయలేదు. మీరేం చేసినా సరే అనుకున్నాను," అన్నాడు.



"రేపటి నుంచి వేసుకుని దిగండి," అన్నాను.

తర్వాత ఇద్దరం కిందికి వెళ్ళి తాళంచెవి వెతికాం. పీపాల వెనక అతనికే దొరికింది. అతని చేతిలోంచి తీసుకోవడం ఎంత కష్టమైందో నీకు రాయలేను.

నేను క్షమించేశానని అనుకోకు. ఆ ఆదివారం ప్రార్థనలో ఆ మాట పలకబోయి, సగంలో ఆపేశాను. అతని మీద పగ ఇప్పటికీ చల్లారలేదు. చంపలేదు, అంతే. దేవుడు ఇప్పటికి నా నుంచి అడిగింది అంతేనేమో. నీ నుంచీ అంతే అడుగుతున్నాడు. ఒక కొడుకును మట్టిలో పెట్టాను, రెండోవాణ్ణి జైల్లో చూడలేను. అంతకంటే ముఖ్యం, ఆ సంతోషం నీకు తెలియకూడదు. అది కడుక్కున్నా పోదు.

నీకు అబద్ధం చెప్పను. అతనిది నా షిఫ్టే. నాలుగింటికి గేటు దాటి, బట్టల కొట్టు పక్క సందులోంచి రైలు పట్టాల వైపు నడుస్తాడు. నీ ఉత్తరం అందిన రోజు నుంచి అతని గుమ్మం దాకా నేనూ పక్కనే నడుస్తున్నాను. ఎందుకని అతను అడగలేదు, మేమసలు మాట్లాడుకోం. పన్నెండో తేదీన కూడా నడుస్తాను.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న