మంచం మీది వజీరు

రాజమల్లు కాకా,

నీ ఎదురుంగ నాకు నోరు రాదని నీకెరికే. గందుకే ఫోన్ల రాస్తున్న.

నేను, బాపు పనికి సూరత్ వచ్చినప్పటి సంది ఐతారం ఐతారం రూముల కూసుండి ఎనకట ఇరాన్ దేశపు పెద్ద వజీరు మొసద్దిక్ కథ చెప్తుంటివి. ఇంగ్లీషోళ్ల చేతుల ఉన్న పెట్రోలు కంపెనీ గుంజుకొని దేశానికిచ్చిండంటివి. పానం బాగలేకున్నా మంచం మీదికెల్లే పెద్ద పెద్ద దొరలకు జవాబు చెప్పిండంటివి. గద్దె దింపి జైల్ల ఏసినా, సచ్చేదాక ఊర్ల ఇంట్లనే కట్టడి చేసినా తలకాయ వంచలేదంటివి. నేను నోరు తెరుసుకొని ఇంటుంటి.

బాపు చెయ్యి బట్ట నేసే సాంచల పడి నలిగినంక, దవాఖాన ఖర్చు కోసం సేటుతోని మాట్లాడమని కార్ఖానల అందరు నిన్నే అడిగిండ్రు. గుజరాతీ నీకే మంచిగొస్తది గద. సేటు దగ్గరికి పొయ్యే రోజే నీకు జరమొచ్చింది. దుప్పటి కప్పుకుంటివి. సేటే ఫోన్ చేస్తే ఏమన్నవ్? "తాగొచ్చి మిషన్ల చెయ్యి వెట్టిండు సేఠ్" అన్నవ్. బాపు ఎన్నడన్న తాగిండా కాకా? నేను నీ పక్కకే గోడ దిక్కు తిరిగి పన్న. నిద్ర పోలేదు.

గా వజీరు మంచం మీదనే, నువ్వూ మంచం మీదనే. ఇంక ఆయన పేరు నీ నోట్లకెల్లి రావద్దు.

పొద్దుగాల సేటుకు నేనే హిందీల మెసేజ్ పెట్టిన. మా బాపు తాగడు, దవాఖాన ఖర్చు మీరే పెట్టాలె అని. కింద నా పేరు రాసిన. ఆయన చూసిండు. కార్ఖానల నా పని పోతే పోనీ.

నీ దుప్పటి బయట దండెం మీద ఏసిన. జరం తగ్గితే తీస్కపో.